నేల మాది, గేటు వాళ్లది

వై.ఎన్.హొసకోటలో ఏ టీ అంగడి ముందు కూర్చున్నా, టీ చల్లారేలోపు ఎవరో ఒకరు ఈ మాట అనకుండా పోరు: "మన పక్కకు గూడా ఒక హైవే పడిందంటే ఊరు యాడికో పోతాదప్పా!" ఊరు యాడికీ పోదు సామీ. పోయేది నీ నేల. ఊరు ఉన్నచోటే పడి ఉంటుంది. రాత్రయితే లైట్లన్నీ టోల్ గేటు దగ్గర ధగధగమంటాయి, నువ్వు నీ మిద్దెక్కి చూసుకోవచ్చు. చూసినందుకు టోలు లేదు. ఇంకా పెట్టలేదు.

ఇట్లా రాస్తే నన్ను అభివృద్ధికి అడ్డమొచ్చేవాడంటారు. అనండి. మన జేబులో చెయ్యి పెట్టినవాడు పెద్దమనిషి, "ఎవడ్రా అది" అని అరిచినవాడు దేశద్రోహి. ఈ లెక్క నాకు కొత్త కాదు. గుంతల్లో బస్సు ఎగిరెగిరి పడి నడుములు పోగొట్టుకున్న తాలూకా వాణ్ణి, రోడ్డు విలువ నాకు బెంగళూరు నుంచి వచ్చి ఎవరూ నేర్పనక్కర్లేదు. రోడ్డు వద్దన్నవాణ్ణి కాను. నేనడిగేది ఒక్కటే. నేల ఇచ్చింది మనం, పన్ను కట్టింది మనం, ఆ రోడ్డు మీద పోయిన ప్రతిసారీ కట్టేదీ మనమే. మరి గేటు వాళ్లదెట్లా అయింది?

మ్యాపు తీసి చూడండి. హొసకోట ఉన్న మా పావగడ తాలూకా కర్ణాటకది, మూడు దిక్కులా చుట్టుకొని ఉన్నది ఆంధ్ర. పడమర పక్క మాత్రం చిత్రదుర్గం జిల్లా తగులుతుంది. మా జిల్లా కేంద్రమైన తుమకూరికి పోవాలన్నా మధ్యలో కొంతదూరం ఆంధ్ర నేల తొక్కి పోవాల్సిందే. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ. చుట్టూ నీళ్లుంటే ద్వీపమంటారు. మాకు చుట్టూ లేవు సరే, లోపలా లేవు. ఉన్న నీళ్లలో ఫ్లోరైడు.

ఈ ఎండిన ద్వీపానికి తూర్పున బెంగళూరు-హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి. బాగేపల్లి దగ్గర ఒక గేటు, అనంతపురం పోయేలోపు మరూరు దగ్గర ఇంకొకటి. పడమర బెంగళూరు నుంచి పుణె వైపు పోయే 48వ నంబరు. దాని మీద తుమకూరు పక్కనే క్యాత్సంద్ర గేటు. దక్షిణాన కొడికొండ నుంచి హిందూపురం, మడకశిర మీదుగా శిరాకు పోయే 544ఇ. ఇవి చాలవని అదే కొడికొండ దగ్గర మొదలుపెట్టి, పొలాల మీదుగా కొత్త గీత గీసి విజయవాడ దారి పట్టిస్తున్న 544జి. మేం ఏ దిక్కుకు బయల్దేరినా చివరకు ఏదో ఒక గేటు ముందు అద్దం మీది స్టిక్కరు చూపించి, అది కుయ్యిమనే దాకా తల వంచుకొని నిలబడాల్సిందే.

"వాడుకునేవాడు కట్టాలి, ప్రపంచమంతా ఇదే సూత్రం" అంటాడు ఏసీ గదిలో వ్యాసాలు రాసే మేధావి. భలే సూత్రం! మరి బండి కొన్ననాడే జీవితకాలపు రోడ్డు పన్ను అని ముక్కుపిండి వసూలు చేసింది దేనికి? 2000లో చట్టం చేసి సెంట్రల్ రోడ్ ఫండ్ అన్నారు, 2018లో దానికే మౌలిక వసతులు అని తోక తగిలించారు. బంకులో పట్టించే ప్రతి లీటరు పెట్రోలులో, ప్రతి లీటరు డీజిలులో ఆ ఫండు పేరున సెస్సు గుంజుతున్నది దేనికి? టైరు మీద జీఎస్టీ, ఇన్సూరెన్సు మీద జీఎస్టీ, అన్నీ కట్టి రోడ్డెక్కితే, "ఇంతవరకూ కట్టింది బండికి, ఇప్పుడు కట్టేది రోడ్డుకి" అంటున్నారు. ఒకే ఎద్దును సంతలో ముగ్గురికి అమ్మినవాణ్ణి మావూళ్లో చెట్టుకు కట్టేస్తారు. ఢిల్లీలో వాడికి శాఖ ఇస్తారు.

కట్టినంత కాలం కట్టాం, ఎప్పుడో ఒకప్పుడు తీరుతుందనుకుంటున్నారా? 2008 నాటి జాతీయ రహదారుల టోలు నిబంధనల్లో ఒక మంచి మాట ఉండేది: రోడ్డు మీద పెట్టిన పెట్టుబడి వసూలయ్యాక టోలు 40 శాతానికి తగ్గించాలని. 2023 అక్టోబరులో చడీచప్పుడు లేకుండా ఒక సవరణ చేసి ఆ మాట తీసేశారు. పెట్టుబడి వచ్చినా రాకున్నా పూర్తి టోలు, ఎల్లకాలం. అప్పు తీరిన తర్వాత కూడా వడ్డీ కట్టమనే షావుకారును మన తాతలు చూశారు, తిట్టారు, కొందరు తిరగబడ్డారు. మనం మాత్రం "రోడ్డు ఫారిన్ మాదిరి ఉందప్పా" అని సెల్ఫీ దిగి వాట్సాప్‌లో పెడుతున్నాం.

ఏటేటా రేటు పెంచడానికి కూడా సూత్రం రాసుకున్నారు. 3 శాతం ఖాయం, దాని మీద టోకు ధరల పెరుగుదలలో 40 శాతం అదనం. పెంచే రోజు ఏప్రిల్ ఒకటి. తేదీ ఎంచుకున్నవాడికి హాస్యం బాగానే తెలుసు. 2024లో మాత్రం లోక్‌సభ ఎన్నికలొచ్చి ఆ ఏప్రిల్ ఒకటి ఆగిపోయింది. ఆఖరి విడత పోలింగు జూన్ 1న ముగిసింది. జూన్ 3 నుంచి కొత్త రేట్లు. ఓట్లు లెక్కపెట్టేది జూన్ 4న. వేలి మీద సిరా ఆరేదాకా కూడా ఆగలేదు. వీళ్లకు మన ఓటు ఎంతసేపు పనికొస్తుందో ఇంతకన్నా విప్పి చెప్పేవాడు ఎవడు?

"నాకు కారు లేదు, బైకుకు టోలు లేదు, నాకేం" అనుకునే అమాయకుడా, ఇట్లా రా. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే 2023 మార్చిలో మొదలైంది. ఆ నెలలోనే కేఎస్‌ఆర్‌టీసీ ఆ దారిలో పోయే బస్సు టికెట్టులో యూజర్ ఫీజు కలిపింది. ఆగస్టు ఒకటి నుంచి అసలు బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు ఆ మెయిన్ రోడ్డెక్కనే కూడదన్నారు. ఏ ఊళ్ల నేల తీసుకొని రోడ్డు వేశారో ఆ ఊళ్లవాళ్లు పక్కనున్న సర్వీసు రోడ్డులో, దుమ్ములో, ఎదురొచ్చే బండ్లను తప్పించుకుంటూ పోవాలి. ఇక మన సంగతి. మన మగ్గం మీదికి సూరత్ నుంచి జరీ వస్తుంది. అది దాటివచ్చే గేట్లెన్నో లెక్కపెట్టుకో. అన్నీ చీర ధరలో కూర్చుంటాయి. చీర కొనే షావుకారు ఆ లెక్క తన లాభంలో తగ్గించుకోడు, నేసినవాడి మజూరీలో తగ్గిస్తాడు. శెనక్కాయలు మండీకి తోలే బొలేరో పికప్పు ఖాళీగా తిరిగొచ్చినా గేటు దగ్గర కట్టాల్సిందే. ఆ ఖాళీ బండి టోలు కూడా రైతు బాడుగలోనే పడుతుంది. సిమెంటు మూటలో టోలు, ఉప్పు ప్యాకెట్‌లో టోలు. కారు లేనివాడికి రసీదు ఇవ్వరు, అంతే తేడా.

ఈసారి ఏ గేటు దగ్గరైనా బస్సు ఆగితే కిటికీలోంచి తల బయటపెట్టి ఒక పెద్ద బోర్డు చదవండి. టోలు కట్టనక్కర్లేనివాళ్ల పట్టిక అది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, మంత్రులు, జడ్జీలు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, పెద్ద పెద్ద అధికారులు. జీతం మనది, కారు మనది, డీజిలు మనది, డ్రైవరు మనవాడు. ఆ కారుకు టోలు లేదు. మండీలో టమోటా ధర పడిపోయి, తోలిన బాడుగ కూడా రాక నోరెండి తిరిగొస్తున్న పికప్పుకు ఉంది. "ఉచితాలిచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు" అని అసెంబ్లీలో గొంతు చించుకునే పెద్దలంతా ఆ బోర్డు మీద వరసగా ఉన్నారు. ఆడవాళ్లు బస్సులో ఉచితంగా పోతే ఖజానా కొల్లగొట్టినట్టు. వీళ్లు గేటులో ఉచితంగా పోతే ప్రోటోకాల్. ఆ పట్టికలో మనకూ ఒక చోటు దొరికింది, కిందికి చూస్తే కనిపిస్తుంది: శవవాహనం. సామాన్యుడు చచ్చాక ఒక్కసారి వీఐపీ.

సరే, ఇప్పుడు అసలు మాటకొస్తా. హొసకోట పక్కనే, మన తాలూకాలోనే నాగలమడికె హోబళిలో సోలారు పార్కు ఉంది. తిరుమణి, వళ్లూరు, బళసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల నేల, దగ్గర దగ్గర 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. అక్కడ ప్రభుత్వం నేల కొనలేదు. గుత్తకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. నేల ఇప్పటికీ రైతుదే, పహణీలో పేరు రైతుదే. అది స్వర్గమని నేను చెప్పడం లేదు. నేల లేని కూలివాడికి చేసుకునే పనీ పోయింది, గుత్తలో పైసా రాలేదు. గొర్రెలోళ్లకు మేపుకునే బీడు పోయింది. ఆ అన్యాయం గురించి రాయాల్సింది ఇంకా చాలా ఉంది. కాని ఒక్క సంగతి అక్కడ రుజువైంది. నేల మీద ఎవడో ఏటా సంపాదించుకుంటుంటే, నేల ఉన్నవాడికి కూడా ఏటా రావాలి. ఇది కుదరదని ఇంక ఎవడూ అనలేడు. మన కళ్ల ముందే కుదిరింది.

మరి రోడ్డుకెందుకు కుదరదు?

సోలారు పలకకు ఎండ ఏటా కావాలి, అందుకని రైతుకు ఏటా గుత్త. టోల్ గేటుకు బండ్లు రోజూ వస్తాయి, వసూలు రోజూ ఉంది, రేటు ఏటా పెరుగుతుంది, గడువు లేదు. నేల ఇచ్చినవాడికి మాత్రం ఒక్కసారి చెక్కు. ఆ చెక్కు కూడా నోటిఫికేషను నాటి ధరకు. రోడ్డు పడ్డాక పక్కనున్న ఎకరం కోట్లు పలికితే అది వెంచరు వేసినవాడి అదృష్టం. మామిడి తోట మధ్యలోంచి రోడ్డు పోయిందనుకో, ఆ పక్క మూడెకరాలు, ఈ పక్క రెండెకరాలు, మధ్యలో కంచె. బోరు ఒక పక్క, చెట్లు ఇంకో పక్క. అండర్‌పాస్ ఎక్కడో దూరాన. సొంత చేలోకి పోవడానికి ఊరంతా చుట్టి పోవాలి. ఆ చుట్టుదారికి పరిహారం ఏ ఇంజనీరు లెక్కలోనూ లేదు.

ఒక్కసారి ఇచ్చే ఆ పరిహారంలోనైనా మనసుపెట్టారా? 1997లో జాతీయ రహదారుల చట్టాన్ని సవరించి, హైవేకు నేల పోయినవాళ్లకు సొలేషియం, అంటే బలవంతంగా నేల తీసుకున్నందుకు పరిహారం మీద ఇచ్చే అదనపు సొమ్ము, ఇవ్వనక్కర్లేదని రాసుకున్నారు. అదే రైతు నేల ఇంకో పనికి తీసుకుంటే సొలేషియం ఉండేది, హైవేకైతే ఉండేది కాదు. 2019లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టేసింది. అయినా హైవే అథారిటీ ఊరుకోలేదు. ఈ తీర్పు పాత కేసులకు వర్తించకూడదు, ఖజానా మీద భారం పడుతుందని మళ్లీ కోర్టుకెక్కింది. 2025 ఫిబ్రవరిలో కోర్టు మళ్లీ తోసిపుచ్చింది. చూశారా ధర్మం! రైతుకు పాత బాకీ ఇమ్మంటే "వెనకటి లెక్కలు తవ్వొద్దు." జనం దగ్గర టోలైతే ముందుకు, వెనక్కు, తరతరాలకు.

తెలంగాణ సంగతి చూడండి. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఊళ్ల నేలతో, జపాను అప్పుతో, జనం డబ్బుతో కట్టారు. 2023లో దాని టోలును 7,380 కోట్లకు 30 ఏళ్ల పాటు ఒక ప్రైవేటు కంపెనీకి రాసిచ్చారు. నేల ఇచ్చిన ఊళ్లకు ఆ 7,380 కోట్లలో వాటా ఏదని నిలదీసిన పార్టీ ఏదైనా ఉంటే నాకు చెప్పండి. ఒకరు తక్కువకు ఇచ్చారని తిట్టారు, ఒకరు ఎక్కువే తెచ్చామని మురిశారు. రేటు మీద కొట్లాట. నేల ఎవరిదన్న మాట ఇద్దరి నోటా రాలేదు.

"చిన్న తాలూకాలో కూర్చొని పెద్ద మాటలు" అనేవాళ్ల కోసం సముద్రం దాటి కూడా పోదాం. ఇండోనేషియాలో సుమత్రా పెద్ద ద్వీపం, ప్రపంచంలో ఆరోది. ఆ మొన నుంచి ఈ మొన దాకా, లాంపుంగ్ నుంచి ఆచే దాకా, దాదాపు 2,700 కిలోమీటర్ల టోల్ రోడ్డు వేస్తామన్నారు. బండ్లు అన్ని రావు, టోలుతో పెట్టుబడి తిరిగి రాదని ప్రైవేటువాళ్లు చాలామటుకు ముఖం చాటేశారు. 2014లో అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆ పనిని హుతామా కార్య అనే ప్రభుత్వ కంపెనీ నెత్తిన పెట్టారు. అది ఖజానా నుంచి మళ్లీ మళ్లీ మూలధనం పోయించుకుంటూ కడుతోంది. 2024కల్లా అయిపోతుందన్నారు, కాలేదు. జనం పన్నుతో కట్టి, మళ్లీ జనం దగ్గరే టోలు. ఈ విద్య మనకొక్కరికే తెలుసనుకున్నాను, వాళ్లూ నేర్చారు. కాని ఒక్క పని చేశారక్కడ. పెకన్‌బారు నుంచి దుమాయి పోయే 131 కిలోమీటర్ల ముక్కలో అడవి ఏనుగులు దాటడానికి రోడ్డు కింద దారులు విడిచారు. ఏనుగు నడిచే దారి ఏదో మనుషులే కనుక్కొని, లెక్క వేసి, కట్టారు. మా కురబల గొర్రెల మంద ఏ దారిన బీడుకు పోతుందో ఏ డీపీఆర్‌లోనైనా గీత గీసి ఉందా? ఏనుగుకున్న పలుకుబడి గొర్రెకు లేదు. గొర్రె వెనక కంబడి కప్పుకొని నడిచేవాడికి అసలే లేదు.

మనవాళ్లకు చేతకాక కాదు. చేతనవును, తలచుకుంటే రాక్షసుల్లా చేస్తారు. 544జి పనిలో పుట్టపర్తి దగ్గర ఇరవై నాలుగు గంటల్లో తారు పరిచి 2026 జనవరిలో గిన్నిస్ రికార్డు కొట్టారు, ఫొటోలు దిగారు. మంచిది. చప్పట్లు నేనూ కొడతా. ఆ చేతులతోనే ఇంకో లెక్క చూపించండి. రాయదుర్గం నుంచి కల్యాణదుర్గం, పావగడ, మడకశిర, మధుగిరి మీదుగా తుమకూరికి 207 కిలోమీటర్ల రైలుమార్గం. మంజూరైంది 2007-08 కాలంలో. రాయదుర్గం వైపు నుంచి కల్యాణదుర్గం దాటి కదిరిదేవరపల్లి దాకా రైలు వచ్చింది. పావగడకు? ఆ మంజూరు నాడు పుట్టిన పిల్లలు ఈ పాటికి ఓటర్లయ్యారు. రైలు టికెట్టులో టోలు లేదు కదా, అందుకే తొందర లేదు. ప్యాసింజర్ రైలులో ముప్పై రూపాయలకో నలభై రూపాయలకో బెంగళూరు పోయే నేతగాడి వల్ల ఏ కంపెనీకి ఏం మిగులుతుంది? అదే వాణ్ణి రోడ్డెక్కిస్తే ప్రతి గేటు దగ్గరా మిగులుతుంది.

మా ఊళ్లో హైవే కోసం అందరికన్నా ఎక్కువ గుండెలు బాదుకునేవాళ్లు ఎవరో గమనించారా? చేను దున్నేవాడు కాదు. రాత్రికి రాత్రి సర్వే నంబర్లు తెలిసిపోయే మనిషి. ఆయనకు ముందే తెలుసు గీత ఎటు పోతుందో. గీతలో పడే నేల మీది, గీత పక్కన పడే నేల ఆయనది. అదేం విచిత్రమో ప్రతిసారీ ఇట్లాగే జరుగుతుంది. "ఉద్యోగాలొస్తాయి" అంటాడు. వస్తాయి. గేటు దగ్గర ఎండలో బండి బండికీ పరుగెత్తి ఉడకేసిన శెనక్కాయల పొట్లాలు అమ్మే ఉద్యోగం. సెక్యూరిటీవాడు కర్ర తీస్తే బుట్ట ఎత్తుకొని పరుగెత్తే ఉద్యోగం. ఆ శెనక్కాయలు ఒకప్పుడు ఆ గేటు కిందున్న చేలోనే పండేవి.

ఇంత చెప్పాక కూడా "ఏం చేస్తాం, పెద్దోళ్లతో మనకేం" అంటారా? అయితే వినండి. నోయిడా డీఎన్‌డీ ఫ్లైవే మీద వసూళ్లు 2016లో అలహాబాద్ హైకోర్టు ఆపించింది. కంపెనీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2024 డిసెంబరులో అక్కడా ఓడింది. కేరళలో పలియెక్కర గేటు దగ్గర రోడ్డు అధ్వానంగా ఉంటే టోలెందుకని 2025 ఆగస్టులో హైకోర్టు కొన్నాళ్లపాటు వసూలు నిలిపింది, సుప్రీంకోర్టు సరేనంది. గేట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనుషులు పెట్టారు, అడిగేవాళ్లుంటే మనుషులే ఎత్తారు. వాళ్లు అడిగారు. మీరు అడగలేదు, సెల్ఫీ దిగారు.

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. ఆ మినహాయింపుల బోర్డు పక్కన అంతే పెద్ద బోర్డు ఇంకొకటి పెట్టండి. ఈ రోడ్డుకు ఎంతైంది, నిన్నటి దాకా ఎంత వసూలైంది, ఇంకెంత మిగిలింది. మూడు అంకెలు, రోజూ మార్చాలి, బస్సులో కూర్చున్న ముసలామెకు కూడా కనిపించాలి. మూడో అంకె సున్నా అయిన రోజు గేటు పీకేయండి. అట్లా పీకేయడం ఇష్టం లేదా, ఎల్లకాలం వసూలు చేస్తారా? అయితే నేల ఇచ్చినవాడికీ ఎల్లకాలం ఇవ్వండి. తిరుమణిలో ఇచ్చినట్టు ఎకరాకు ఏడాది గుత్త, మీ టోలు పెరిగినప్పుడల్లా అదే లెక్కన పెంపు. ఆ నేల మీద కూలి చేసుకున్నవాడికి, మంద మేపుకున్నవాడికి అందులో భాగం. తిరుమణిలో మరిచింది ఇక్కడైనా గుర్తుపెట్టుకోండి. ఖజానాకు భారమవుతుందంటారా? మంచిది. మీ లెక్క ప్రకారమే మా నేల విలువ అంత ఎక్కువన్నమాట. అది ఒప్పుకున్నందుకు దండం.

రేపో మాపో మన పక్కకూ రాళ్లు పాతేవాళ్లు వస్తారు. వాళ్ల ముందు ఖద్దరు చొక్కా నడుస్తుంది, దాని వెనక ప్లాట్ల మనిషి, ఆయన వెనక శాలువాలు మోసే కుర్రాళ్లు. ఊరంతా దండలతో ఎదురుపోతారని నాకు తెలుసు, పోండి, ఆపను. నేను మాత్రం పహణీ నకలు పట్టుకొని వస్తా. గుత్త ఎంతో, ఏటా ఎంత పెంచుతారో స్టాంపు కాగితం మీద రాయమంటా. రాసి సంతకం పెట్టేదాకా నా చేలో టేపు పరవనియ్యను.